హెడ్డు దించేముందు

ఆటోనగర్,
విజయవాడ.

చిరంజీవి అమ్మడికి,

మొన్న నువ్వు ఫోనులో అడిగినదానికి అప్పుడే జవాబు చెప్పేద్దును. కానీ ఇది విని చేసే పని కాదు. కాగితం మీద ఉంటే బానెట్టు పక్కన పెట్టుకుని, మసి చేత్తోనే పేజీ తిప్పి చూసుకుంటావని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నాన్నగారి పద్మిని కారును అమ్మకుండా ఉంచుకున్నావని తెలిసిన రోజే నాకు కళ్ళు చెమర్చాయి. ఇప్పుడు దాని ఇంజను హెడ్డు నీ చేత్తో నువ్వే దించుతానంటున్నావు. నలభై ఏళ్ళకు పైగా షెడ్డులో ఉన్నాను. మన ఇళ్ళలో నా తర్వాత పానా పట్టినవాళ్ళు లేరు. నువ్వు పడతానంటే తెలిసినదంతా చెప్పకుండా ఎలా ఉంటాను? కాస్త పొడవైనా ఓపిగ్గా చదువు.

నువ్వు చెప్పిన గుర్తులు మూడు. బంజారాహిల్స్ ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటరు తొక్కితే డబ్బాలో చిల్లర వేసి ఊపినట్టు శబ్దం. తాళం తిప్పి ఆపేశాక కూడా ఇంజను నాలుగైదుసార్లు గింజుకుని ఆగడం. పికప్ పడిపోవడం. మూడూ కలిసి వచ్చాయంటే సిలిండరు లోపల కార్బన్ పట్టిందని అనుమానించడం సబబే.

పిస్టను నెత్తిన, హెడ్డు గుంటల్లో పేరుకున్న బొగ్గు కంబళిలా పనిచేస్తుంది. లోపలి వేడిని నీళ్ళలోకి పోనివ్వదు. దాని మందం మేరకు లోపలి చోటు కూడా తగ్గుతుంది కాబట్టి గాలీ పెట్రోలూ కలిసిన ఆవిరి ఉండాల్సిన దానికన్నా గట్టిగా నొక్కుకుంటుంది. ప్లగ్గు అంటించిన మంట ఒక పక్కనుంచి వరసగా పాకుతూ పోవాలి. అది చేరేలోపే మూలనున్న మిశ్రమం తనంతట తానే భగ్గుమంటే ఆ చిల్లర శబ్దం వస్తుంది. మేం నాకింగ్ అంటాం. ఇక ఆపేశాక గింజుకోవడం సంగతి. బొగ్గు పెచ్చు ఒకటి ఎక్కడో కణికలా ఎర్రగా ఉండి, ప్లగ్గులో నిప్పురవ్వ లేకపోయినా లోపలికొచ్చిన పెట్రోలును వెలిగిస్తోంది.

పద్మినికి ఈ శబ్దం రావడం నాకు వింతగానే ఉంది. 1089 సీసీల ఆ ఇంజను మన దేశంలో మామూలు పెట్రోలు 87 ఆక్టేన్ ఉన్న రోజుల్లో హాయిగా నడిచింది. ఇప్పుడు బంకులో పోసే మామూలు పెట్రోలుకే అంతకన్నా ఎక్కువ. ఆక్టేన్ పెరిగితే నాకింగ్ తగ్గాలి. తగ్గకపోగా కొత్తగా వచ్చిందంటే లోపల ఏదో మారినట్టే.

అయితే ఆ మారింది బొగ్గేనని ఇప్పుడే తీర్పు చెప్పకు. ఎవరో డిస్ట్రిబ్యూటరు కదిపి టైమింగు ముందుకు జరిపినా ఇదే శబ్దం వస్తుంది. హెడ్డు దించాక ఆ సంగతి తెలిస్తే రెండు ఆదివారాలూ ఒక గాస్కెట్టూ దండగ. ముందు పాయింట్లు సరిచేయించి, టైమింగు లైటు పెట్టి చూడు. ఎయిర్ ఫిల్టరు విప్పి వెలుతురుకు ఎత్తి చూడు. ఇవి అరపూట పనులు.

1981లో, నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు, భీమవరం నుంచి ఒక అంబాసిడర్ టాక్సీ మా షెడ్డుకొచ్చింది. ఇదే జబ్బు. హెడ్డు దించి, గీకి, వాల్వులు రుద్ది, అద్దంలా చేసి పంపాను. అయిదు నెలలకి అదే కారు అదే శబ్దంతో మళ్ళీ వచ్చింది. మళ్ళీ దించి మళ్ళీ గీకాను. ఈసారి మా గురువుగారు పక్కన నిలబడి, నేను రాల్చిన పొట్టు వేళ్ళ మధ్య నలిపి చూసి లాంతరు తెమ్మన్నారు. కరెంటు పోతే అప్పట్లో మాకు లాంతర్లే దిక్కు. ఆయన దాన్ని వెలిగించి వత్తి బాగా పైకి తిప్పారు. రెండు నిమిషాల్లో చిమ్నీ నల్లబడింది. తుడవమన్నారు. గుడ్డతో పట్టుకుని తీసి, తుడిచి పెట్టాను. వత్తి మాత్రం ఆయన దించలేదు. చిమ్నీ మళ్ళీ నల్లబడింది. ఆయన ఒక్క మాటా అనకుండా వెళ్ళి తన పని చూసుకున్నారు.

నేను కార్బురేటరు దగ్గరకెళ్ళి చూస్తే, ఛోక్ తీగ తొడుగులో తుప్పు పట్టి పూర్తిగా వెనక్కి రావడం లేదు. డ్రైవరు ముందున్న నాబు లోపలికే ఉంది. కార్బురేటరు దగ్గర మాత్రం ఛోక్ సగం పడే ఉండి పెట్రోలు ఎక్కువ పోతోంది. ఆ టాక్సీ ఆయన రెండుసార్లు కూలి ఇచ్చాడు, రెండుసార్లు వారం రోజుల కిరాయి పోగొట్టుకున్నాడు. నాకు చేతనైన పని చేశాను గానీ అతనికి కావలసిన పని చెయ్యలేదు. అది నన్ను ఇప్పటికీ పీడిస్తుంది. అందుకే గీకడం కన్నా ముందు నీకు బొగ్గును చదవడం నేర్పాలనుకుంటున్నాను.

నాలుగు ప్లగ్గులూ విప్పి, 1, 2, 3, 4 అని రాసిన కాగితం మీద వరసగా పెట్టు. ఒకటోది రేడియేటరు వైపుది. మొన దగ్గరి పింగాణీ బిస్కెట్టు రంగులో ఉంటే ఆ సిలిండరు బాగా మండుతున్నట్టు. కాటుకలా వేలికి అంటుకునే పొడి నలుపు ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. అప్పుడు ఛోక్ చూడు, కార్బురేటరులో ఫ్లోటు చూడు, ఎయిర్ ఫిల్టరు చూడు. తారులా జిడ్డుగా, తడిగా మెరిసే నలుపైతే ఇంజను ఆయిలు తాగుతోంది. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే పెట్రోలు చాలక వేడెక్కుతోంది. ఆ ఇంజనుది బొగ్గు జబ్బు కాకపోవచ్చు. నాలుగూ ఒకేలా నల్లగా ఉంటే తప్పు నాలుగింటికీ పెట్రోలు పంచే చోట ఉంది. ఒక్కటే వేరుగా ఉంటే ఆ సిలిండరులోనే వెతకాలి.

పొగ కూడా చెప్తుంది. ఎవరినైనా నడపమని నువ్వు వెనక బండిలో వెళ్ళు. పల్లంలో యాక్సిలరేటరు వదిలేసి దిగి, కింద మళ్ళీ తొక్కగానే నీలంగా ఒక్క గుప్పెడు పొగ వచ్చి ఆగిపోతే వాల్వు గైడ్ల పక్కనుంచి ఆయిలు జారుతోంది. ఎత్తు ఎక్కినంతసేపూ నీలం పొగ వస్తూనే ఉంటే రింగులు అరిగాయి. ఇంజను బోరుకొచ్చిందంటారే, అది. అప్పుడు హెడ్డు గీకి బిగించినా నువ్వు కోరుకున్నది దొరకదు.

కంప్రెషన్ పరీక్ష తప్పనిసరి. టెస్టరు కొనుక్కో, పెద్ద ఖరీదు కాదు. ఇంజను బాగా వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ విప్పెయ్. కాయిలు నుంచి డిస్ట్రిబ్యూటరుకు వచ్చే పెద్ద వైరు తీసెయ్. పెట్రోలు ఆవిరి బయటికొస్తుంది కాబట్టి దగ్గర్లో నిప్పనేది ఉండకూడదు. ఒకరు యాక్సిలరేటరు చివరిదాకా తొక్కిపట్టి సెల్ఫ్ కొడుతుంటే, ముల్లు ఎక్కి ఆగిన అంకె రాసుకో. నాలుగు అంకెలకీ తేడా పది శాతం లోపుంటే మంచిది. ఒకటి బాగా తక్కువగా ఉంటే ఆ సిలిండరులోకి ఒక టీచెంచా ఇంజను ఆయిలు పోసి మళ్ళీ చూడు. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. పక్కపక్క సిలిండర్లు రెండూ కలిసి పడిపోతే గాస్కెట్టు. నాలుగూ ఉండాల్సిన దానికన్నా ఎక్కువ చూపిస్తే అప్పుడు బొగ్గు మీద నా అనుమానం గట్టిపడుతుంది. ముందే చెప్పాను కదా, అది చోటు తగ్గిస్తుంది.

ఇవేవీ చూడకుండానే నేను ఊహించగలిగింది ఒకటుంది. బావగారు చివరి పదేళ్ళు ఆ కారును రైతుబజారుకీ గుడికీ తప్ప తిప్పలేదు. రెండు కిలోమీటర్లు పోను, రెండు రాను. ఇంజను వేడెక్కేలోపే ఇల్లు వచ్చేస్తుంది. చల్లటి సిలిండరులో పెట్రోలు పూర్తిగా మండదు, మిగిలింది మసి అవుతుంది. ప్లగ్గు తన మీది మసిని తానే కాల్చుకోవాలంటే దాని మొన దాదాపు 450 డిగ్రీలకు చేరాలి. రైతుబజారు దూరానికి అది చేరడం కష్టం. తిప్పని రోజుల్లో బావగారు పొద్దున్నే ఛోక్ లాగి స్టార్టు చేసి, పావుగంట పోర్టికోలో అలా ఉంచి, ఆపేసేవారు. బ్యాటరీ దిగిపోకూడదని. నేను ఒకటి రెండుసార్లు వద్దని చెప్పాను. "ఊరికే పెట్టడానికి మనసొప్పదురా" అనేవారు. ఆయన అంత ప్రేమగా చూసుకున్న బండి, ఆ ప్రేమ వల్లే లోపల నల్లబడింది. నువ్వు మాత్రం వారానికి ఒక్కసారి తీసినా కనీసం అరగంట రోడ్డు మీద నడుపు. అంత వీలు లేకపోతే ఆ వారం స్టార్టు చెయ్యకు.

ఇక సర్వీసు సెంటరు వాళ్ళు నీకు చెప్పిన హైడ్రోజన్ యంత్రం సంగతి. గంటసేపు గొట్టం పెట్టి గాలి ఎక్కిస్తే బొగ్గంతా పోతుందంటున్నారు కదా. మెత్తటి మసి కొంత పోతే పోవచ్చు. పెంకులా కాలి అతుక్కున్నది కూడా పోతుందని నేను ఒప్పుకోను. ఒప్పించాలంటే చూపించమను. ప్లగ్గు రంధ్రంలోంచి దూరే సన్న కెమెరాలు ఇప్పుడు ఫోనుకే తగిలించుకోవచ్చు. ముందొకసారి, తర్వాతొకసారి పిస్టను నెత్తి చూపిస్తే డబ్బివ్వు. ఆ కెమెరా నువ్వూ ఒకటి కొనుక్కో. మా కాలంలో హెడ్డు దించితే తప్ప కనబడనిది నీకు అయిదు నిమిషాల్లో కనబడుతుంది. ఈ పరికరం నాకు ఇరవయ్యేళ్ళప్పుడు ఉంటే ఎన్ని హెడ్లు ఊరికే దించకుండా ఉండేవాణ్ణో.

పెట్రోలులో కలిపే సీసా మందుల్లో పాలీఈథర్ అమీన్ ఉన్నవి కాస్త పనిచేస్తాయి. కానీ పాత టాంకులో, గొట్టాల్లో ఉన్న జిగురంతా కరిగి కార్బురేటరు జెట్లలో అడ్డుపడే ప్రమాదం ఉంది. కలిపితే ముందు కొత్త పెట్రోలు ఫిల్టరు వెయ్యి. కలిపిన టాంకు అయిపోయాక ఇంజను ఆయిలు మార్చు. ప్లగ్గు రంధ్రాల్లో మందు పోసి రాత్రంతా నానబెట్టే పద్ధతి కూడా ఉంది. అది చేస్తే మర్నాడు ప్లగ్గులు బిగించకుండా సెల్ఫ్ కొట్టి ఆ ద్రవమంతా బయటికి తోసెయ్యాలి. ద్రవం నొక్కుడుకు లొంగదు. సిలిండరులో నిలిచిపోయి ఉండగా ప్లగ్గులు బిగించి తిప్పితే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. నడుస్తున్న ఇంజనులోకి నీళ్ళు చిలకరించడం కొందరు చేస్తారు. కొత్త చెయ్యి, పాత ఇంజను. నీకు వద్దు.

ఇవన్నీ కాదు, ముందు నేను చేసేది ఇది. ఆయిలు, ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టరు కొత్తవి వేసి, ఛోక్ పూర్తిగా వెనక్కి వస్తోందో లేదో కార్బురేటరు దగ్గర కళ్ళతో చూసి, రేడియేటరు సరిగ్గా ఉంటే, తెల్లవారుజామున విజయవాడ రోడ్డు పట్టి సూర్యాపేట దాకా వెళ్ళి రా. అరవై డెబ్బై వేగంలో, ఇంజను తీరుగా వేడెక్కి, గంటల తరబడి అదే వేడిలో ఉండాలి. దారిలో టీకి ఆగు, తొందర లేదు. వదులు మసి చాలావరకు కాలిపోతుంది. వచ్చాక మళ్ళీ అదే ఎత్తు ఎక్కించి చూడు. శబ్దం పోతే హెడ్డు జోలికే వెళ్ళకు. పానా పట్టాలన్న నీ సరదా తీరకపోయినా సరే.

పోలేదనుకో. కెమెరాలో కూడా పెంకు కనబడింది, టైమింగు సరిగ్గా ఉంది. అప్పుడు దించుదాం.

పద్మిని హెడ్డు అల్యూమినియంది, బ్లాకు పోత ఇనుముది. ఈ ఒక్క ముక్క గుర్తుంటే సగం తప్పులు జరగవు. వేడిగా ఉన్నప్పుడు హెడ్డు నట్లు వదులు చెయ్యకూడదు, వంకర తిరుగుతుంది. రాత్రంతా చల్లారనిచ్చి పొద్దున మొదలుపెట్టు. బ్యాటరీ వైరు తీసి, నీళ్ళు దించి, విప్పేదాన్నల్లా విప్పేముందు ఫోటో తీసుకో. నట్లు, బోల్టులు ఏ భాగానివి ఆ భాగంతో వేరు వేరు డబ్బాల్లో వెయ్యి. రాకర్ షాఫ్టు తీశాక ఎనిమిది పుష్ రాడ్లూ వస్తాయి. ఒక అట్టకు ఎనిమిది కన్నాలు పొడిచి, నంబర్లు వేసి, ఏది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ కన్నంలోనే గుచ్చు. ఇన్నేళ్ళూ జతగా అరిగిన ముక్కలవి. మార్చి పెడితే కొత్తగా అరగడం మొదలెడతాయి.

హెడ్డు నట్లు ఒకటి పూర్తిగా విప్పి మరొకటి పట్టుకోవడం కాదు. చివర్ల నుంచి మధ్యకు వస్తూ, ఒక్కొక్కటి పావు చుట్టు చొప్పున అన్నీ కలిపి వదులు చెయ్యాలి. హెడ్డు అంటుకుపోయి లేవకపోతే స్క్రూడ్రైవరు సందులో దూర్చి ఎగదన్నకు. ఆ గీత నీ గాస్కెట్టును రెండు నెలల్లో తినేస్తుంది. చెక్క సుత్తితో చుట్టూ నెమ్మదిగా తట్టు. లేస్తుంది.

లేచాక వెంటనే గీకడానికి పూనుకోకుండా ఒక కుర్చీ వేసుకుని కూర్చో. నిదానంగా చూడు. నాలుగు పిస్టన్ల మీదా నలుపు ఒకేలా ఉందా? ఒకదాని అంచు చుట్టూ మాత్రం తడిగా, కడిగినట్టు శుభ్రంగా ఉందా? అలా ఉంటే అక్కడ రింగుల పక్కనుంచి ఆయిలు ఎక్కుతోంది. పెట్రోలు లోపలికొచ్చే వాల్వుల వీపు మీద మాడిన అడుగంటులా మందంగా, జిడ్డుగా పేరుకుందా? ఉంటే గైడ్లు. మన కార్బురేటరు ఇంజన్లలో పెట్రోలు ఆ వాల్వుల మీదుగానే పోతుంది కాబట్టి వాటి వీపు కాస్తో కూస్తో కడుక్కుంటూ ఉంటుంది. అయినా అంత పేరుకుందంటే పైనుంచి ఆయిలు కారుతోందని నిశ్చయంగా చెప్పొచ్చు. అన్నీ ఫోటోలు తీసి నాకు పంపు. గీకాక ఈ సాక్ష్యం మళ్ళీ దొరకదు.

ఇప్పుడు ఒక మాట, అమ్మడూ, దీన్ని మిగతావాటిలా చదివెయ్యకు. మన దేశంలో సీసం కలిసిన పెట్రోలు పూర్తిగా ఆగింది 2000 ఫిబ్రవరి 1న. నీ కారు 1986 మోడలు. దాని హెడ్డు ఎప్పుడు దించారో నీకూ తెలీదు, నాకూ తెలీదు. ఆ పెంకు అడుగు పొరల్లో సీసం ఉండొచ్చు. పాత హెడ్డు గాస్కెట్టు రాగిరేకుల మధ్య ఆస్బెస్టాస్ పెట్టి చేసినదై ఉండొచ్చు. మేం పిల్లలప్పుడు ముక్కుకు గుడ్డ కూడా కట్టుకోకుండా పొడిగా గీకి, కంప్రెసరు గాలితో ఊదేసేవాళ్ళం. ఆ నల్ల ధూళి మధ్యే కూర్చుని టిఫిను తినేవాళ్ళం. మాకు ఎవరూ చెప్పలేదు. నీకు నేను చెప్తున్నాను. మంచి మాస్కు, చేతికి గ్లౌజులు ఉండాలి. ఎప్పుడూ కిరసనాయిలుతో తడిపే గీకు. గాలితో ఊదకు. గీకిన పొట్టు తడి కాగితంలో చుట్టి సంచిలో మూటగట్టు. పని బట్టలు విడిగా ఉతుకు. ఆ గుడ్డలతో వంటింట్లోకి రాకు, పక్కింటి చిన్నపిల్లల్ని ఆ చుట్టుపక్కలకు రానివ్వకు.

గీకడానికి ఇనుప పనిముట్టు ముట్టుకోకు. పిస్టనూ అల్యూమినియమే, హెడ్డూ అల్యూమినియమే. నాకు అన్నిటికన్నా నచ్చింది వెదురు బద్ద. ఉలిలా చెక్కి, మొన అరిగినప్పుడల్లా మళ్ళీ చెక్కుకుంటూ వాడు. మొండి చోట్లకు ఇత్తడి బద్ద. రాత్రి కిరసనాయిలులో తడిపిన గుడ్డ హెడ్డు గుంటల్లో పరిచి ఉంచితే పొద్దునకు పెంకు కొంత మెత్తబడుతుంది. కొన్ని షెడ్లలో ఇనుప భాగాలను కాస్టిక్ సోడా నీళ్ళలో ఉడకబెట్టడం చూసి ఉంటావు. అల్యూమినియం అందులో వేస్తే బుసబుస పొంగుతూ కరిగిపోతుంది. దాని దరిదాపులకు పోకు.

పిస్టన్లు జతలుగా కదులుతాయి. ఒకటీ నాలుగూ పైకొస్తే రెండూ మూడూ కిందుంటాయి. పైకి తెచ్చిన రెంటినీ ముందు గీకు. కిందున్న రెండు బోర్లలోనూ, నీళ్ళ దారుల్లో, ఆయిలు కన్నాల్లో బనియను వేస్టు కుక్కి, ఎన్ని కుక్కావో రాసుకో. పని అయ్యాక అన్నీ లెక్కపెట్టి తియ్యాలి. పిస్టనుకూ బోరుకూ మధ్య సందు చుట్టూ గ్రీజు రాస్తే రాలిన ముక్కలు దానికి అంటుకుంటాయి. గీకాక పిస్టనును కాస్త కిందికి దించితే ఆ గ్రీజు చక్రంలా గోడకు మిగులుతుంది. గుడ్డతో తుడిచెయ్.

పిస్టను నెత్తి అంచు చుట్టూ మూడు మిల్లీమీటర్ల మేర బొగ్గును మాత్రం అలాగే వదిలెయ్. వినడానికి వింతగా ఉంటుంది. పాత ఇంజన్లలో ఆ అంచు బొగ్గు ఆయిలు పైకి ఎక్కకుండా కట్టలా ఆపుతుంది. అది కూడా తీసేసి ముద్దుగా మెరిపిస్తే, అంతవరకూ తాగని ఇంజను ఆయిలు తాగడం మొదలెడుతుంది. పిస్టను మీద పాత రింగు ఒకటి పెట్టి దాని లోపలివైపే గీకేవాళ్ళు పెద్దవాళ్ళు. ఫోటోలో అందంగా కనబడాలని చూడకు.

వాల్వుల పని నాకు ఇష్టమైన పని. స్ప్రింగు నొక్కే పరికరంతో ఒక్కొక్కటే తీసి, వాటినీ అట్టలో నంబర్ల ప్రకారం గుచ్చు. గైడులో వాల్వును పట్టి అటూ ఇటూ ఊపి చూడు. బాగా ఆడుతుంటే గైడ్లు మార్పించాలి, అది లేత్ షాపు పని. ఆడకపోతే సీటు మీద గ్రైండింగ్ పేస్టు పల్చగా రాసి, రబ్బరు బుడిపె కర్రను వాల్వు ముఖానికి అతికించి, రెండరచేతుల మధ్య మజ్జిగ కవ్వంలా అటూ ఇటూ తిప్పు. ఒకే వైపు తిప్పకు. నాలుగు తిప్పులకోసారి ఎత్తి, కొంచెం జరిపి మళ్ళీ ఆనించు. గరుకు పేస్టు గుంతలున్న సీటుకే, లేకపోతే సన్నదే చాలు. మొదట గరగరలాడే శబ్దం మెల్లగా మెత్తబడుతుంది. తుడిచి చూస్తే వాల్వు చుట్టూ, సీటు చుట్టూ ఎక్కడా తెగని బూడిదరంగు గీత కనబడాలి. అది కనబడ్డాక ఇంకా రుద్దకు. పేస్టు రేణువు ఒక్కటి కూడా మిగలకుండా కడుగు. అది ఇసుకే, గైడులోకి పోతే అరగదీస్తూనే ఉంటుంది.

వాల్వులు, స్ప్రింగులు బిగించి, పాత ప్లగ్గులు పెట్టి, హెడ్డును వెల్లకిలా పడుకోబెట్టి నాలుగు గుంటల్లోనూ కిరసనాయిలు పొయ్యి. భోజనం చేసి వచ్చి కింద రంధ్రాల్లో వేలు పెట్టి చూడు. తడి తగిలిన చోట వాల్వు ఇంకా సరిగ్గా కూర్చోలేదు. మళ్ళీ విప్పి రుద్దడం తప్ప అడ్డదారి లేదు.

బిగింపు గురించి కొద్దిగా. ఉక్కు స్కేలు నిలువుగా హెడ్డు ముఖానికి ఆనించి, కింద ఫీలరు గేజి దూరుతుందేమో అన్ని దిక్కులా చూడు. మాన్యువల్లో రాసిన హద్దు దాటితే ఫేసింగు కొట్టించాలి. దాటకపోతే ఎవరు చెప్పినా కొట్టించకు. ఫేసింగు కొట్టిన ప్రతిసారీ హెడ్డు పల్చబడి లోపలి చోటు తగ్గుతుంది, మనం వదిలించుకోవాలనుకున్న నాకింగే తిరిగొస్తుంది. గాస్కెట్టు తప్పకుండా కొత్తది. పాతదాని పక్కన పెట్టి కన్నాలన్నీ సరిపోల్చాకే వెయ్యి. నట్లు ఈసారి మధ్య నుంచి చివర్లకు, రెండు మూడు దఫాలుగా, టార్కు రెంచితో, మాన్యువల్లో ఉన్న అంకెకు. చేతి అంచనా వద్దు, నాకే ఇప్పటికీ నమ్మకం లేదు. టాపెట్లు సరిచెయ్యి. ఒకసారి వేడెక్కించి, పూర్తిగా చల్లారాక మాన్యువల్ చెప్పినట్టు నట్లు మరోసారి చూసి, టాపెట్లు కూడా మళ్ళీ చూడాలి. హెడ్డు దించిన సందర్భంలోనే పెట్రోలు రబ్బరు గొట్టాలు మార్చెయ్. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది, ఆనాటి రబ్బరు దానికి ఉబ్బి పగులుతుంది.

మొదటిసారి స్టార్టు చేస్తే కిరసనాయిలు కాలి కాసేపు పొగొస్తుంది, కంగారుపడకు. అయిదు వందల కిలోమీటర్లు తిరిగాక ఆయిలు మార్చు.

నీ స్నేహితురాలి మారుతి 800కి కూడా ఇలాగే చేద్దామన్నావు. వద్దు. అది మూడు సిలిండర్లది, 796 సీసీలది. క్యామ్ షాఫ్టు హెడ్డులోనే ఉంటుంది, టైమింగు బెల్టు దించి మళ్ళీ గుర్తులకు సరిగ్గా ఎక్కించాలి. పద్మిని మీద చెయ్యి తిరిగాక దాని సంగతి చూద్దాం.

ఇక నా వైపు నుంచి అడిగేది ఒకటే. వచ్చే ఆదివారం ప్లగ్గులు విప్పి, కంప్రెషన్ చూసి, నాలుగు అంకెలూ నంబర్ల వరసలో రాసి పంపు. ఏ సిలిండరులో ఆయిలు పోసి చూశావో అది కూడా. ప్లగ్గుల ఫోటో నీడలో కాదు, పగటి వెలుతురులో తియ్యి, రంగు తెలియాలి. అవి నా చేతికి వచ్చేదాకా హెడ్డు నట్టు మీద పానా పెట్టకు. దించాల్సిందే అని తేలితే శనివారం రాత్రి బస్సుకు బయల్దేరి వస్తాను. వెదురు బద్దలు నేనే చెక్కి తెస్తాను. అమ్మకు చెప్పు, ఆ పూట వంట నాకూ కలిపి చెయ్యమని.

మీ
మావయ్య